వసపిట్ట పక్క చోటు

మంగళవారం మూడో పీరియడ్‌లో, ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో, ఒక పిల్ల పక్కనున్న పిల్ల చేతిలో కంపాస్ ముల్లు గుచ్చింది. ముల్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో దిగింది. ఆ సమయానికి లెక్కల టీచర్ బోర్డు వైపు తిరిగి త్రిభుజం గీస్తోంది. ఆమెకు ఏ శబ్దమూ వినిపించలేదు. గుచ్చిన పిల్ల అరవలేదు. గుచ్చించుకున్న పిల్లా అరవలేదు. చూసినవాళ్లూ అరవలేదు.

మూడో భుజం కలిపి, కోణాలకు అక్షరాలు పెట్టి, టీచర్ వెనక్కి తిరిగింది. రెండో బెంచీలో క్లాస్ లీడర్ ఎడమచేతిని కుడిచేత్తో అదిమి పట్టుకుని కూర్చుంది. వేళ్ల సందుల్లోంచి రక్తం నోటుబుక్కు మీద పడుతోంది. ఆ పిల్ల కళ్లలో నీళ్లున్నాయి. పెదవులు బిగించి ఉన్నాయి. మిగతా పిల్లలందరూ త్రిభుజం వైపే చూస్తున్నారు.

"ఏమైంది?"

ఎవరూ పలకలేదు.

"నిన్నే. ఏమైందమ్మా చేతికి?"

లీడర్ ముందు బోర్డు కుడి మూల వైపు చూసింది. అక్కడ సుద్దతో గీసిన గీతలు నాలుగున్నాయి. తర్వాత టీచర్ని చూసింది.

"మాట్లాడొచ్చా టీచర్?" అంది.

ఆ గీతలు టీచర్ పద్ధతి. సోమవారం ఉదయం బోర్డు మూల అయిదు గీతలు గీస్తుంది. క్లాసులో గోల వినిపిస్తే డస్టర్ తీసుకుని ఒక గీత తుడుస్తుంది. తిట్టదు, కొట్టదు, ఎవరు మాట్లాడారని అడగదు. అయిదూ పోతే శుక్రవారం చివరి పీరియడ్ ఆటలు ఎవరికీ ఉండవు. ఆ పీరియడ్‌లోనూ లెక్కలే. మాట్లాడిందెవరో ఆమె అడగాల్సిన పని పడదు. ఆమె డస్టర్ అందుకోగానే తలలన్నీ ఒకవైపు తిరుగుతాయి.

స్టాఫ్‌రూంలో ఆమె క్లాసు గురించి సూది పడినా వినిపిస్తుందని చెప్పుకుంటారు. పక్క గదిలో ‘ఎ’ సెక్షన్‌కి చెప్పే సైన్సు మాస్టారు ఆ మాట అన్నప్పుడల్లా, "నా క్లాసులో రోకలి పడినా వినిపించదక్కా" అని కలుపుతాడు. వచ్చే శనివారం మిగతా టీచర్లందరినీ కూర్చోబెట్టి ఈ పద్ధతి గురించి చెప్పమని హెడ్మాస్టర్ ఆమెను అడిగి వారం కాలేదు.

టీచర్ లీడర్‌ని కొళాయి దగ్గరకు తీసుకెళ్లి చెయ్యి కడిగించింది. గాయం చిన్నదే, లోతుగా ఉంది. టించర్ రాసి గుడ్డ కట్టింది. అంతసేపూ లీడర్ ఒకే మాట అడిగింది.

"గీత పోతుందా టీచర్?"

"పోదులే."

గుచ్చిన పిల్లకు వసపిట్ట అని పేరు పెట్టింది టీచరే. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పేది. నాన్న సెలూన్‌కి వచ్చినవాళ్ల కబుర్లన్నీ బెంచీకి చెప్పేది. వినేవాళ్లు లేకపోతే పెన్సిల్‌తో చెప్పేది. స్కూలు తెరిచిన కొత్తలో గీతలన్నీ ఆ పిల్ల నోటి మూలంగానే పోయాయి. దాని పక్కన కూర్చోనని అందరూ మొరాయించారు. అందుకని టీచర్ సోమవారం గీతలు గీశాక ఒక పిల్లను వేలితో చూపించేది. "ఈ వారం దీని నోరు నీ పూచీ" అనేది. క్లాసు నవ్వేది. అందరికంటే ముందు వసపిట్టే నవ్వేది. కొన్ని వారాలకు గీతలు పోవడం తగ్గింది. తర్వాత వారానికి ఒకటి పోతే ఎక్కువ.

స్టాఫ్‌రూంలో ఎవరూ లేని వేళ చూసి టీచర్ వసపిట్టను పిలిపించింది.

"ఎందుకు గుచ్చావ్?"

వసపిట్ట గోడకున్న మ్యాపు చూస్తూ నిలబడింది.

"అడిగేది నిన్నేనమ్మా. వేలు పోయుంటే?"

టీచర్ దగ్గరకు లాగుదామని ఆ పిల్ల జబ్బ పట్టుకుంది. వసపిట్ట ఒక్కసారి ముడుచుకుపోయింది. టీచర్ చెయ్యి తీసేసి, యూనిఫాం చేతిని రెండు వేళ్లతో పైకి లేపింది. మోచేతికి పైన మచ్చలున్నాయి. కొన్ని నీలంగా, కొన్ని పాతబడి పసుపుపచ్చగా. రెండుచోట్ల గోళ్ల గాట్లు.

"ఇవేంటి?"

"తలుపు తగిలింది టీచర్."

తలుపుకు గోళ్లుండవు. టీచర్ ఆ మాట అనలేదు. యూనిఫాం చెయ్యి కిందికి లాగి సరిచేసి, "వెళ్లు" అంది.

ఆమెకు అప్పుడొక రోజు జ్ఞాపకం వచ్చింది. శాతాల పాఠం జరుగుతోంది. వసపిట్ట వెనక బెంచీ వైపు తిరిగి ఏదో మొదలుపెట్టింది. టీచర్ డస్టర్ కోసం చెయ్యి చాచింది. అదే సమయంలో పక్కనున్న కళ్లజోడు పిల్ల చెయ్యి బెంచీ కిందికి పోయింది. వసపిట్ట మాట మధ్యలో ఆపి నిటారుగా కూర్చుంది. కళ్లజోడు పిల్ల తలెత్తి టీచర్ని చూసింది. టీచర్ కూడా ఆ పిల్లను చూసింది. తర్వాత చాచిన చెయ్యి డస్టర్ మీద నుంచి సుద్దముక్క మీదికి మార్చి, బోర్డు వైపు తిరిగి, పాఠం సాగించింది. ఆ రోజు గీత పోలేదు.

బుధవారం లీడర్ తల్లి వచ్చింది. ఆమె బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలత టేపు తీయడం మర్చిపోయి అలాగే వచ్చింది.

"రోజుకు నాలుగుసార్లు సూది గుచ్చుకుంటుంది నాకు. గుచ్చుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలీదా సార్? ఇది గుచ్చుకోవడం కాదు, గుచ్చడం. చేతిలో దిగింది కాబట్టి సరిపోయింది. కంట్లో దిగుంటే మీరు తెచ్చిస్తారా కన్ను?"

"కూర్చోండమ్మా" అన్నాడు హెడ్మాస్టర్.

"కూర్చోడానికి రాలేదు. ఆ పిల్ల ఉన్న క్లాసులో మా పిల్ల ఉండదు. ఎవరిని ఉంచుకుంటారో మీ ఇష్టం."

ఆమె వెళ్లాక హెడ్మాస్టర్ టీచర్ని లోపలికి పిలిచాడు.

"రేపు రెండు పక్షాలనీ రమ్మన్నాను. ఆ సెలూన్ ఆయన పిల్లకు టి.సి. ఇచ్చేద్దాం. మీరు ఒక్క మాట చెబితే చాలు. నేను క్లాసులోనే ఉన్నాను, అవతలి పిల్ల ఏమీ అనలేదు, కారణం లేకుండా పొడిచింది అని. అంతే."

"సంవత్సరం మధ్యలో ఎవరు చేర్చుకుంటారు సార్ దాన్ని?"

"అది మన తలనొప్పి కాదమ్మా. పెళ్లికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు, శనివారం మీ మీటింగ్ పెట్టుకుని ఈ గొడవ ఎందుకు మనకి? రేపటితో తేల్చేద్దాం."

టీచర్ సరేనని అనలేదు. కాదనీ అనలేదు. తలుపు దగ్గర ఆగి, మళ్లీ కదిలింది.

సాయంత్రం ఇంటికి వెళ్లే దారి వదిలి సెలూన్ ఉన్న వీధిలోకి తిరిగింది. రెండు కుర్చీల షాపు. వసపిట్ట తండ్రి ఒక పెద్దాయన గడ్డానికి నురగ పట్టిస్తున్నాడు. అద్దంలో టీచర్ని చూసి బ్రష్ కిన్నెలో పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. బల్ల మీద పేపర్లు ఎత్తి చోటు చేశాడు.

"కూర్చోండమ్మా. మీరొస్తారనుకోలేదు. హెడ్మాస్టర్ గారు ఫోన్ చేశారు. రేపు రమ్మన్నారు."

"మీతో ఒకసారి మాట్లాడదామని."

"మాట్లాడండమ్మా. మాటలకేం, ఇక్కడ పెట్టుబడే అది." కుర్చీలో ఉన్న పెద్దాయన గడ్డం పట్టుకుని తల పక్కకు తిప్పాడు. కత్తి చెవి కింద నుంచి మొదలుపెట్టాడు. "నా నోరే దానికి వచ్చింది. మా ఆవిడ అనేది, ఒక ఇంట్లో రెండు రేడియోలు నేను వేగలేను, ఒకటి షాపులో పెట్టుకో అని."

"మీ ఆవిడకి పుణ్యం ఉంటుంది, రెండోదాన్ని మాకు తగిలించింది" అన్నాడు పెద్దాయన పెదవులు కదపకుండా.

"కదలకండి బాబాయ్, తెగితే నా పూచీ కాదు." కత్తి మీది నురగ కాగితానికి రాశాడు. "ఈమధ్య ఇంట్లో కూడా మాట్లాడ్డం తగ్గించేసిందమ్మా. ఏదైనా అడిగితే ఆ, ఊ అంటుంది. తింటుంది, చదువుకుంటుంది, పడుకుంటుంది. మా ఆవిడ ఎంత సంతోషించిందో. ఆ లెక్కల టీచరమ్మకి ఒక నమస్కారం పెట్టిరా, పిల్ల దారిలో పడింది అంది. వద్దామనే అనుకుంటున్నాను. ఇంతలో ఇలా చేసింది."

టీచర్ ఒడిలో ఉన్న సంచి పట్టీని వేలికి చుట్టుకుంది.

"మంచి పిల్లేనమ్మా. ఎందుకు చేసిందో చెప్పదు. రాత్రి వాళ్లమ్మ అడిగింది, నేను అడిగాను. ఊహూఁ. పంపించేస్తారా?"

"రేపు రండి" అంది టీచర్. "మాట్లాడదాం."

"ఇంతకీ ఏదో మాట్లాడాలన్నారు?"

పెద్దాయన గడ్డం ఒకవైపు తెల్లగా, ఒకవైపు నున్నగా ఉంది. ఆయన అద్దంలోంచి ఆమెనే చూస్తున్నాడు.

"రేపు చెబుతానులెండి" అని టీచర్ లేచింది.

ఇంట్లో భర్త నేల మీద పేపరు పరిచి ఎవరిదో ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఆమె సంచి పక్కన పడేసి గడప మీదే కూలబడింది. అతను స్క్రూలు మూతలో వేస్తూ, "ఎవర్ని తుడిచేశావ్ ఇవాళ?" అన్నాడు. అది రోజూ అనే మాటే. ఆమె నవ్వకపోవడంతో తలెత్తాడు. ఆమె జరిగింది చెప్పింది. శాతాల పాఠం రోజు సంగతి కూడా చెప్పింది. రేపు ఏం చెప్పమంటావని అడిగింది.

"నువ్వు చూశావని ఎవరికి తెలుసు?"

"కళ్లజోడు పిల్లకి."

"చిన్నపిల్ల. మర్చిపోయుంటుంది."

"నేను మర్చిపోలేదుగా."

అతను ఫ్యాను రెక్క చేత్తో తిప్పి చూశాడు. ఎక్కడో రాసుకుంటున్న శబ్దం వచ్చింది.

"అయితే నన్నెందుకు అడగడం?" అన్నాడు.

గురువారం హెడ్మాస్టర్ గదిలో మూడు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో లీడర్ తల్లి కూర్చుంది. ఒకదాంట్లో టీచర్. మూడోది వసపిట్ట తండ్రికి చూపించారు కాని అతను కూర్చోలేదు. పిల్లలిద్దరూ బీరువా పక్కన నిలబడ్డారు. లీడర్ కట్టు మార్చి ఉంది.

హెడ్మాస్టర్ జరిగింది చెప్పి, టీచర్ వైపు తిరిగాడు.

"మీరు క్లాసులోనే ఉన్నారు. చెప్పండమ్మా."

"కారణం ఉంది సార్" అంది టీచర్. "ఆ పిల్ల మాట్లాడినప్పుడల్లా పక్కనున్నవాళ్లు బెంచీ కింద గిల్లుతున్నారు. చాలారోజుల నుంచి. నేను ఒకసారి చూశాను. చూసి ఊరుకున్నాను."

హెడ్మాస్టర్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"మా పిల్ల గిల్లిందంటారా?" అంది లీడర్ తల్లి.

"ఒక్క నిమిషం" అన్నాడు హెడ్మాస్టర్. "ఇటు రామ్మా. నిన్నెవరైనా గిల్లారా?"

వసపిట్ట లీడర్ని చూసింది. "లేదు సార్."

"మరి టీచర్ గారు చూశానంటున్నారు?"

"నాకు తెలీదు సార్."

"ఎవరూ ఏమీ చెయ్యలేదు నిన్ను?"

"లేదు సార్."

హెడ్మాస్టర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "అదీ సంగతి. టీచర్ గారిది జాలిగుండె. పిల్ల మీద అభిమానంతో అన్నారు."

వసపిట్ట తండ్రి అప్పటిదాకా ఒక్క మాటా అనలేదు. గోడ దగ్గర నుంచి వచ్చి, కూతురి ముందు ఒక మోకాలి మీద కూర్చుని, యూనిఫాం చెయ్యి మడతలు పెడుతూ పైకి చుట్టాడు. షాపులో గుడ్డ మడిచినట్టే మడిచాడు. మోచేయి దాటాక ఆగాడు. తర్వాత రెండో చెయ్యి కూడా అలాగే చుట్టాడు.

"ఎప్పటినుంచే?" అన్నాడు.

లీడర్ తల్లి కుర్చీలోంచి ముందుకు వంగి చూసింది. చూసి, కూతురి వైపు తిరిగింది.

"నువ్వేనా?"

"నేనొక్కదాన్నే కాదమ్మా" అంది లీడర్. "నా వంతు ఈ వారమే."

"వంతేమిటే?"

"దాని పక్కన ఎవరు కూర్చుంటే వాళ్లే చూసుకోవాలి. పోయినవారం కిటికీ దగ్గరమ్మాయి చూసుకుంది. అంతకుముందు వారం ఇంకొకరు. ఎవరి వంతో సోమవారం టీచర్ చెబుతారు."

గదిలో అందరూ టీచర్ని చూశారు. లీడర్ కూడా చూసింది. అప్పజెప్పిన పని చేసి చూపించేటప్పుడు చూసినట్టు చూసింది.

"మీరే కదా టీచర్, ఈ వారం దీని నోరు నీ పూచీ అంటారు. మొదట్లో ఎలా ఆపాలో ఎవరికీ తెలీలేదు. బతిమాలేవాళ్లం. అప్పుడు కళ్లజోడు గిల్లింది. మీరు చూశారు. ఏమీ అనలేదు, గీత తుడవలేదు. అలా చెయ్యొచ్చని ఇంటర్వెల్‌లో అది అందరికీ చెప్పింది." కట్టున్న చేతిని రెండో చేత్తో పట్టుకుంది. "నేను గట్టిగా గిల్లను సార్. మంగళవారం అది త్రిభుజం గురించి ఏదో అడగబోయింది. నాలుగే గీతలున్నాయి. అందుకని కొంచెం గట్టిగా గిల్లాను."

టీచర్ నోరు తెరిచింది. ఆమె చెప్పడానికి వచ్చింది ఒక్క పిల్ల సంగతి, ఒక్క రోజు సంగతి. ఇప్పుడు చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

"పిల్లలూ, మీరు బయట కూర్చోండి" అన్నాడు హెడ్మాస్టర్.

టి.సి. మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. లీడర్ తల్లి లేచి కొంగు సర్దుకుంది. "మా పిల్ల లీడరైందని వీధంతా చెప్పుకున్నాను" అంది. ఎవరికి చెప్పిందో తెలియలేదు. బయటకు వెళ్లి కూతురి కట్టులేని చెయ్యి పట్టుకుంది. ఆ పిల్ల నెత్తి మీద ఒక్కటి వేసింది, వెంటనే అక్కడే నిమిరింది.

వసపిట్ట తండ్రి తలుపు దాకా వెళ్లి ఆగాడు.

"నిన్న షాపుకి ఇది చెప్పడానికేనా వచ్చారు?"

"అవును."

"నేను మీకు నమస్కారాలు చెబుతుంటే కూర్చుని విన్నారు."

"విన్నాను."

అతను బయటకు వెళ్లాడు. కూతురి రెండు చేతులూ కిందికి దించి, మడతలు సాపు చేసి, తీసుకెళ్లిపోయాడు.

హెడ్మాస్టర్ ఫ్యాను వేగం పెంచాడు. "శనివారం మీటింగ్ వాయిదా వేద్దాం. మీరు మరీ ఇదైపోకండి. పద్ధతిలో తప్పు లేదమ్మా. గిల్లకుండా చూసుకుంటే చాలు."

"గిల్లకపోతే అది పనిచెయ్యదు సార్" అంది టీచర్.

శుక్రవారం వసపిట్ట రాలేదు. టీచర్ క్లాసులోకి వెళుతూనే డస్టర్ తీసుకుని, మిగిలిన నాలుగు గీతలూ ఒక్క విసురులో తుడిచేసింది. వెనక్కి తిరిగేసరికి తలలన్నీ రెండో బెంచీ వైపు తిరిగి ఉన్నాయి. వసపిట్ట కూర్చునే చోట ఎవరూ లేరు. అయినా చూస్తున్నారు.

"ఇటు చూడండి. ఆటలున్నాయి. ఇవాళా ఉన్నాయి, ఎప్పుడూ ఉంటాయి. ఈ గీతలు ఇక ఉండవు."

ఎవరూ కదల్లేదు. చివరి బెంచీలో పొడుగుపిల్ల చెయ్యెత్తింది.

"మాట్లాడినా ఉంటాయా టీచర్?"

"ఉంటాయి."

"ఎవరు మాట్లాడినా?"

"ఎవరు మాట్లాడినా. దాన్ని గిల్లడం తప్పు. అది మీకు తెలుసు. మీ చేత గిల్లించింది నేను. అది కూడా మీకు తెలియాలి."

కళ్లజోడు పిల్ల తల దించుకుని పుస్తకం మూల మడవడం మొదలుపెట్టింది. టీచర్ ఆ పిల్ల దగ్గరకు వెళ్లి నిలబడింది. మడిచిన మూలను వేలితో సాపు చేసి వచ్చేసింది. చివరి పీరియడ్ గంట కొట్టాక పిల్లలు లేవలేదు. టీచర్ ముందు నడిస్తే వెనక వెళ్లారు. ఆటస్థలంలో కూడా కాసేపు వరసలోనే నిలబడ్డారు.

సోమవారం వసపిట్ట వచ్చింది. టీచర్ బోర్డు మీద తేదీ వేసింది. మూల ఖాళీగా వదిలింది.

"ఇవాళ్టి నుంచి మీ ఇష్టం వచ్చిన చోట కూర్చోండి."

మొదట ఇద్దరు లేచారు. తర్వాత బెంచీలు జరిగాయి, సంచులు పడ్డాయి, ఒకరి చోటు కోసం ఒకరు తోసుకున్నారు. ఎవరో గట్టిగా నవ్వి, నోరు మూసుకుని, మళ్లీ నవ్వారు. సైన్సు మాస్టారు గుమ్మంలో తల పెట్టాడు.

"అక్కా, ఇది బి సెక్షనేనా? దారి తప్పి నా క్లాసుకే వచ్చానేమో అనుకున్నా."

"బి సెక్షనే. మీ తలుపు వేసుకోండి" అంది టీచర్.

సద్దు మణిగేసరికి చాలాసేపు పట్టింది. లీడర్ మూడో బెంచీకి వెళ్లింది. కళ్లజోడు పిల్ల కిటికీ పక్కకు వెళ్లింది. వసపిట్ట లేవలేదు. తన చోటులోనే, బెంచీ చివర, గోడకు ఆనుకుని కూర్చుంది.

టీచర్ మంగళవారం ఆగిపోయిన త్రిభుజం మళ్లీ గీసింది. రెండు కోణాలు ఇచ్చి మూడోది ఎంతని అడిగింది. నాలుగైదు చేతులు లేచాయి. కాస్త ఆలస్యంగా ఇంకొకటి లేచింది. భుజం దాకా వచ్చి ఆగింది.

"నువ్వు చెప్పు" అంది టీచర్.

వసపిట్ట లేచి నిలబడింది. నోరు తెరిచే ముందు పక్కకు చూసింది. పక్కన ఎవరూ లేరు. అప్పుడు జవాబు చెప్పింది.

జవాబు తప్పు. క్లాసులో ఎవరూ నవ్వలేదు.